రాని బస్సు లెక్క మనమే రాయాలి

(యువజన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం, రాతరూపంలో)



ముందు ఒక ప్రశ్న. ఈ పొద్దు ఈడికి రావడానికి ఎవరెవరు ఎంత దూరం నడిచినారు? చేతులెత్తండి. సూడండి, సగం మంది పైనే ఉన్నారు. మనం భూమి గురించి మాట్లాడతాం, అడవి హక్కు పట్టాల గురించి మాట్లాడతాం, రిజర్వేషన్ గురించి మాట్లాడతాం. బస్సు గురించి మాత్రం మాట్లాడం. అది చిన్న విషయమని అనుకుంటాం. అది చిన్నదో పెద్దదో మా ఇంటి సంగతి చెప్తాను, మీరే తేల్చండి.

మాది కర్నూలు పడమటి దిక్కు ఒక తండా. వానలు లేని నేల. మెయిన్ రోడ్డు మలుపు దాకా మూడు కిలోమీటర్ల నడక. మా చెల్లెలు ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ సాయంత్రం నాలుగున్నరకు వదిలేవాళ్ళు. మా దిక్కు బస్సు నాలుగూ పదికి బస్టాండు వదిలేది. తరవాతి బస్సు ఏడు గంటలకు. అది వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. వచ్చినా మలుపు కాడ దిగేసరికి చీకటి. ఆ మూడు కిలోమీటర్లు మా నాయన రోజూ కట్టె పట్టుకొని ఎదురుపోయేవాడు. సుగ్గి రోజుల్లో ఆయన గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు పోయినాక ఎదురుపోయే మనిషి లేడు. రెండో సంవత్సరం మధ్యలో చెల్లెలు కాలేజీ మానేసింది. ఎవరూ మానమని చెప్పలేదు. బస్సు వేళే ఆమెను మాన్పించింది.

నేను డిపోకు పోయినాను. ఏ డిపోనో చెప్పను, ఇది ఒక డిపో కథ కాదు. ఆడున్న సారు మర్యాదగానే కూచోబెట్టినాడు. "ఆ రూట్లో కలెక్షన్ లేదు తమ్ముడూ, చూస్తాం" అన్నాడు. అర్జీ పెట్టినాను. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది: ఆ రూట్లో సర్వీసు నడుస్తున్నది, కాబట్టి సమస్య పరిష్కరించబడినది.

మీరు నవ్వుతున్నారు. ఆ పొద్దు నాకు నవ్వు రాలేదు. కానీ ఆ జవాబులో అబద్ధం లేదు, గమనించండి. వాళ్ళ కాగితాల్లో సర్వీసు ఉంది. రోడ్డు మీద మా చెల్లెలికి లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్న సందు గురించే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నాం.

ఆర్టీసీ తన పనిని ఎట్లా కొలుచుకుంటుంది? ప్రతి డిపోలో కొన్ని అంకెలు ఉంటాయి. ఈపీకే అంటే బస్సు ఒక కిలోమీటరు తిరిగితే ఎంత వసూలైంది. ఓఆర్ అంటే ఉన్న సీట్లలో ఎంత శాతం నిండింది. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది. ఇంకా బ్రేక్‌డౌన్లు, ప్రమాదాలు, రద్దయిన కిలోమీటర్లు. ఇవన్నీ అవసరమైన లెక్కలే, తప్పు పట్టడం లేదు. కానీ వీటిల్లో మలుపు కాడ నిలబడి బస్సు రాక తిరిగి పోయిన జేజి ఉండదు. ఎక్కినవాళ్ళకు టికెట్టు ఉంటుంది. ఎక్కలేకపోయినవాళ్ళకు ఏ కాగితమూ ఉండదు. బస్సు రాదు కాబట్టి జనం ఆటో ఎక్కుతారు. జనం ఆటో ఎక్కుతారు కాబట్టి కలెక్షన్ పడిపోతుంది. కలెక్షన్ లేదు కాబట్టి ఇంకో ట్రిప్పు తీసేస్తారు. చివరకు "ఆ ఊరోళ్ళు బస్సెక్కరు" అని పేరు మనకే వస్తుంది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. ఆర్టీసీ 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం కింద 1958 జనవరి 11న ఏర్పడింది. ఆ చట్టంలో మూడు సెక్షన్లు గుర్తు పెట్టుకోండి: 18, 22, 34. రాష్ట్రంలో సమర్థంగా, చాలినంతగా, అందుబాటు ఖర్చులో రవాణా సౌకర్యం కల్పించడం సంస్థ సాధారణ బాధ్యత అని 18 చెప్తుంది. సంస్థ వ్యాపార సూత్రాల మీద నడవాలని 22 చెప్తుంది. రాష్ట్ర ప్రభుత్వం సంస్థకు ఆదేశాలు ఇవ్వవచ్చని 34 చెప్తుంది. డిపోలో మనకు వినిపించేది ఎప్పుడూ 22వ సెక్షనే. కలెక్షన్, కలెక్షన్. మనం 18వ సెక్షన్ వినిపించాలి. చాలినంత అనే మాట చట్టంలో ఉంది. అది మనం దయ కోరి అడిగే మాట కాదు.

ఇంకో సంగతి. 2020 జనవరి 1 నుంచి మన రాష్ట్రంలో ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులైనారు. ప్రజా రవాణా శాఖ ఏర్పడింది. అంటే వాళ్ళ జీతాలు ఇప్పుడు ప్రభుత్వం మోసే బరువు. అయినా పల్లె రూటు మాట వచ్చేసరికి "నష్టం" అనే పాత మాటే వినిపిస్తే, ఎవరి నష్టం అని అడిగే హక్కు మనకు ఉంది. ఆసుపత్రిని, బడిని కలెక్షన్‌తో కొలవం కదా?

మనకు ఈ విషయంలో ఒక చరిత్ర కూడా ఉంది. తెల్లోళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినారు. తరవాత దాన్ని మద్రాసు రాజధానికీ వర్తింపజేసినారు. ఎరుకలతో పాటు ఎన్నో తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాసినారు. పేరు నమోదైన మనిషి ఊరు దాటాలంటే అనుమతి కావాలి, హాజరు వేయించుకోవాలి. స్వతంత్రం వచ్చినాక, 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. తిరిగే స్వేచ్ఛ రాజ్యాంగం 19వ అధికరణంలో అందరికీ ఉంది. కానీ తిరిగే స్వేచ్ఛ కాగితం మీద ఉండి, తిరగడానికి బస్సు లేకపోతే ఆ స్వేచ్ఛ ఎంత దూరం పోతుంది? మలుపు దాకా, అంతే.

ఇప్పుడు ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చింది. స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తారు. మంచి పథకమే. కూలికి పోయే అక్కకు రానుపోను ఛార్జీ మిగలడం చిన్న సంగతి కాదు. కానీ రెండు మాటలు. ఒకటి, బస్సే రాని ఊరికి ఉచితం ఏమి చేస్తుంది? రెండు, చెల్లెళ్ళారా, ఇది జాగ్రత్తగా వినండి. సున్నా టికెట్టు తప్పకుండా అడిగి తీసుకోండి. "డబ్బులు లేవు కదా, టికెట్టు ఎందుకులే" అనుకోకండి. ఆ మిషన్‌లో కొట్టిన ప్రతి టికెట్టూ మీరు ఎక్కినారనడానికి సాక్ష్యం. టికెట్టు లేకుంటే మీరు బస్సులో ఉండీ లెక్కలో లేనట్టే. రేపు ఆ రూటు నిలబడాలంటే ఆ సున్నాలే మనకు బలం.

అడవి లోపలి గూడేల సంగతి వేరు. బైర్లూటి లాంటిది రోడ్డు పక్కన ఉంది. పెచ్చెర్వు లాంటిది అడవి నడుమ ఉంది. ఆడ బస్సు అడిగే ముందు రోడ్డు అడగాలి. అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(2) ఉంది. బడి, అంగన్‌వాడీ, మంచినీళ్ళు, రోడ్డు లాంటి సౌకర్యాలకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు ఉండాలి. పులుల అభయారణ్యంలో ఇది అంత సులువు కాదు, నాకు తెలుసు. కానీ గ్రామసభ తీర్మానం లేకుండా మొదలే కాదు. అట్లాగే దోర్నాల–శ్రీశైలం దారిలో రాత్రిపూట బండ్లు తిరగనివ్వరు. వన్యప్రాణుల కోసమే, మంచిదే. అయితే రాత్రి దారి మూసేచోట సాయంత్రం ఆఖరి బస్సు రద్దయితే, ఆ మనిషికి తెల్లారేదాకా వేరే దిక్కు ఉండదు. కాబట్టి అట్లాంటి రూట్లలో ఆఖరి ట్రిప్పు రద్దు చేయకూడదని మనం ప్రత్యేకంగా అడగాలి.

సరే, ఎట్లా అడగాలి? మా తండా ఎట్లా నేర్చుకుందో చెప్తాను.

"పరిష్కరించబడినది" అని జవాబు వచ్చినాక మేం నలుగురం ఒక ఇరవై రూపాయల నోటు బుక్కు కొన్నాం. మలుపు కాడ టీ అంగట్లో పెట్టినాం. తేదీ, బస్సు రావాల్సిన వేళ, వచ్చిన వేళ, బండి నంబరు, ఆపినాడా లేదా, ఎంతమంది మిగిలిపోయినారు. ఆరు గడులు. చదువు రాని మా పెద్దనాయన రాని బస్సుకు అడ్డగీత గీసేవాడు. నెల తిరిగేసరికి ముప్పై రోజుల్లో తొమ్మిది అడ్డగీతలు. సాయంత్రం బస్సు తొమ్మిది పొద్దులు రాలేదు.

తరవాత సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం పెట్టినాం. పది రూపాయల ఫీజు, తెల్లకార్డు ఉంటే అదీ లేదు. ఆ నెలలో ఆ సర్వీసు ఏయే రోజులు నడిచింది, ఏయే రోజులు రద్దయింది, రద్దుకు కారణం ఏమి, ఇంతే అడిగినాం. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకుంటే పై అధికారికి అప్పీలు ఉంటుంది. జవాబు వచ్చినాక రెండు కాగితాలు పక్కపక్కన పెట్టినాం. వాళ్ళ లెక్కలో రద్దు ఐదు రోజులే. మిగతా నాలుగు రోజులు బస్సు నడిచింది, కానీ మలుపు దాకా రాకుండా ముందు ఊరి నుంచే వెనక్కి తిరిగింది. ఆ సంగతి పైవాళ్ళకు కూడా తెలియదు. మా నోటు బుక్కే వాళ్ళకు తెలిపింది.

అప్పుడు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోయినాం. ఈసారి "బస్సు సౌకర్యం కల్పించగలరు" అని రాయలేదు. "సాయంత్రం 4.10 ట్రిప్పును 4.50కి మార్చాలి, మలుపు దాకా నడపాలి" అని రెండే అడిగినాం. కాలేజీ ప్రిన్సిపాల్‌తో వదిలే వేళ రాయించి జత చేసినాం. మీరు గుర్తు పెట్టుకోవాల్సింది ఇదే. పెద్దగా అడిగితే "పరిశీలిస్తాం" అంటారు. బస్సు, వేళ, చోటు పేరు పెట్టి అడిగితే అవుననో కాదనో చెప్పాల్సి వస్తుంది. వేళ మారింది. కొత్త బస్సు అక్కరలేదు, అదనపు డీజిలు అక్కరలేదు, నలభై నిమిషాలు చాలినాయి.

ఒక హెచ్చరిక. డ్రైవరన్నను, కండక్టరక్కను శత్రువును చేసుకోకండి. బస్సు ఆపలేదని రాళ్ళేసే పని మనది కాదు. బస్సు ఎందుకు నిండిందో, ఎందుకు వెనక్కి తిప్పమన్నారో వాళ్ళకే ముందు తెలుస్తుంది. డీజిలు తగ్గితే సంజాయిషీ వాళ్ళే ఇవ్వాలి, ఆలస్యమైతే మాట పడేదీ వాళ్ళే. మాకు మొదట నిజం చెప్పింది ఒక కండక్టరే. మన పిల్లలే రేపు ఆ సీట్లో కూచుంటారు.

ఇట్లా బస్సును హక్కుగా చూసినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతి జనం 1955 డిసెంబరు నుంచి 381 రోజులు బస్సులను బహిష్కరించినారు, మీకు తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. లాస్ ఏంజెలెస్‌లో పేద ప్రయాణికులు సంఘం పెట్టుకొని, రైళ్ళకు డబ్బు పోసి బస్సులను కిక్కిరిసేలా వదిలేస్తున్నారని 1994లో కోర్టుకు పోయినారు. 1996లో రవాణా సంస్థ ఒప్పందానికి వచ్చింది. రద్దీ వేళల్లో నిలబడే ప్రయాణికులు సగటున ఎనిమిది మందికి మించకుండా దశలవారీగా తగ్గించాలని అందులో రాసుకున్నారు. నిలబడేవాళ్ళను లెక్కపెట్టడం అక్కడ ఒక షరతు అయింది. కొలత మారితే సేవ మారుతుందని వాళ్ళు పట్టుకున్నారు. మా టీ అంగడి నోటు బుక్కు కూడా అదే పని చేసింది, చిన్నగా.

చివరిగా, మా చెల్లెలు. బస్సు వేళ మారేసరికి ఆమె చదువు ఆగి ఏడాది దాటింది. తిరిగి పోలేదు. ఇప్పుడు సుగ్గికి మా నాయనతో పాటు మిరపకోతకు పోతుంది. ఆ బస్సు మాత్రం సాయంత్రం మలుపు దాకా వస్తోంది. పోయిన వారం చూసినాను, మా తండా ఆడపిల్లలు ఐదుగురు పుస్తకాల సంచులతో దిగినారు. వెలుతురు ఉండగానే ఇల్లు చేరినారు. సంతోషపడినాను. కడుపులో ఒక మూల మండింది కూడా. నేను ఆ నోటు బుక్కు ఒక ఏడాది ముందు కొనుంటే?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఊరికి పోయినాక వేరే ఏమీ చేయకపోయినా ఫరవాలేదు, ఒక నోటు బుక్కు కొనండి. ఆరు గడులు గీయండి. మీ మలుపు కాడ టీ అంగడి ఉంటే ఆడ, లేకుంటే చెట్టు కింద ఒక అవ్వ చేతికివ్వండి. నెల రోజుల తరవాత ఆ బుక్కులు తీసుకొని మళ్ళీ కలుద్దాం. కర్నూలు, నంద్యాల, కడప, ఎన్ని మలుపులు ఉంటే అన్ని బుక్కులు రావాలి.