గోలీ మీది తేదీ చదువుదాం
(పెద్దపల్లి ప్రసంగ పాఠం)



మనం రాజ్యాంగం చదువుకుంటున్నాం. పాసుబుక్కుల సర్వే నెంబరు చూసుకుంటున్నాం. బలం గోలీల పట్టా మీది చిన్న రాత కూడా చదువుడు నేర్వాలె.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. నాట్లేసే, బీడీలు చుట్టే మన అక్కలు ఆ లెక్కలో ఉన్నారు. అందుకే సర్కారు దవాఖానల ఎర్ర గోలీ ఇస్తరు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ ఉంటయి. గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు.

గడువు తేదీ అంటే ఏమిటి? చెప్పిన పద్ధతిలో దాస్తే, ఆ నెల చివరి రోజు దాకా రాసినంత బలం ఉంటదని కంపెనీ ఇచ్చే మాట. తేదీ దాటంగనే విటమిన్ గోలీ విషమైపోదు. కాని బలం ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. మింగినమని మనం అనుకుంటం, ఒంటికి మాత్రం పూర్తిగా అందకపోవచ్చు. వేడి, వెలుతురు, తేమ విటమిన్లను చెడగొడతయి. రామగుండం ఎండలు 45 డిగ్రీలు దాటినప్పుడు రేకుల కింద, పొయ్యి పక్కన పెట్టిన గోలీ తేదీకి ముందే సత్తువ తగ్గొచ్చు. పిల్లలకు పోసే విటమిన్ ఏ సీసా మూత తీసినంక 8 వారాల్లో వాడాలె. మూత తీసిన తేదీ సీసా మీద రాయాలె.

బలం తగ్గిందని రెండేసి మింగొద్దు. ఇనుము గోలీలు పిల్లల చేతికి అందనీయొద్దు. ఎక్కువ మింగితే ప్రాణానికే ముప్పు.

పట్టా కత్తిరించి నాలుగు గోలీలు చేతుల పెడితే తేదీ ఉన్న ముక్క దుకాణంలనే ఉండిపోతది. పట్టా మొత్తం చూపించుమని అడుగుదాం. గడువు దాటిన మందు దుకాణందారు అమ్మరాదని 1945 ఔషధ నిబంధనలు చెప్తున్నయి. ఊరికే ఇచ్చే మందుకైనా అదే కొలత ఉండాలె. వాడకు వచ్చే మందు దానం కాదు, మన పన్నుల పైసల మందు.

ఆశా అక్క మీద గొడవకు పోవద్దు. ఆమె మందు కొనలేదు, మోసుకొచ్చింది. తేదీ దాటితే దవాఖానకు తిప్పి పంపి, కొత్తవి ఇప్పించుమని రాసిద్దాం. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద స్టాకు రిజిస్టరు అడుగుదాం. 30 రోజుల్లో చెప్పాలె.

చదువొచ్చిన పిల్లలు వాడవాడకు పోయి తేదీలు చదివి వినిపించాలె. తేదీ దాటిన మందు మాకొద్దు! బలమున్న మందు మా హక్కు!