చౌటపల్లి బాలుని సంగీతవిద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



"ఈ పనికి నేను తగుదునా? నా లోటు ఎవరైన కనిపెట్టి నవ్వుదురేమో" అను శంక పలువురను లోలోపల తినివేయుచుండును. క్రొత్తగా బడిలో చేరిన ఉపాధ్యాయునికైనను, కచ్చేరిలో కలము పట్టిన గుమాస్తాకైనను ఇది తప్పదు. దీనికి మందు కనుగొన్నవాడు మన గుడివాడ ప్రాంతముననే పుట్టెను.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4వ తేదీన చౌటపల్లిలో జన్మించెను. తండ్రి సూరయ్య మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా బాలుడు ఆడుచుండెడివాడు. జనులు వానిని 'బాలభరతు'డని మెచ్చిరి. బందరు మొదలు దివిసీమ వఱకు భజన లేని యూరు అరుదు. అట్టిచోట మెప్పు పొందుట పిల్లవానికి చిన్న విషయము కాదు. అయినను మెప్పు వేఱు, విద్య వేఱు. పదునొకండవ యేట తండ్రి గతించెను. పిమ్మట నొక సంగీతసభలో విద్వాంసులతో పోటీకి నిలిచి, ఓడి, నవ్వులపాలయ్యెను.

ఇచ్చట ఒక్కమాట. నవ్వినవారు కఠినులే కావచ్చును. వారు చూపిన లోటు మాత్రము అబద్ధము కాదు. పిల్లవానికి గొంతు కలదు, శాస్త్రము లేదు. "నాకేమియు రాదు" అని మూలను కూర్చున్నను, "అన్నియు వచ్చు" నని బుకాయించినను, బాకీ బాకీగానే నిలుచును. అతడు బాకీ తీర్చుటకే పూనుకొనెను.

మొదట సంగీతజ్ఞుల ఇండ్ల ఊడిగము చేసెను. ఒకచోట బట్టలుదుకుట, వేఱొకచోట వంట. కోరిన విద్య చిక్కలేదు. అంతట చేతి ఉంగరము నమ్ముకొని, సంగీత కళాశాల యున్న విజయనగరము చేరెను. అచ్చట పట్రాయని సీతారామశాస్త్రిగారు ఇంట చేర్చుకొని, ప్రతిఫలము కోరక నేర్పిరి. గురువుగారు కలిగినవారు కారు. శిష్యుడు జోలె భుజమున వేసికొని ఇంటింట మధుకరమెత్తి కడుపు నింపుకొనెను. సభలో పోయిన మానమును తెచ్చుకొనుటకు వీధిలో జోలె పట్టుట ఎట్టిదో మధుకరమెత్తిన తరమువారికే తెలియును!

చదువు ముగించి స్వగ్రామమునకు వచ్చి, ఉత్సవములలో పాడుచు, పిల్లలకు పాఠములు చెప్పెను. 1942 నాటి ఉద్యమములో జైలు కేగెను. తరువాత సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మద్రాసు చేరెను. శాస్త్రము చదివినవాడనని బిగిసికొనక, 1944లో 'సీతారామ జననము'న పదిమంది నడుమ బృందగానములో నిలిచెను. 1945లో 'స్వర్గసీమ'లో భానుమతితో గొంతు కలిపెను.