ఎఱ్ఱచందనపు దొంగబేరము

చందన మనఁగానే మనకు పరిమళము జ్ఞాపకము వచ్చును. శ్రోతలారా, ఎఱ్ఱచందనమునకు పరిమళము లేదు. నా బాల్యమున మాయింట దాని చేవముక్క యొకటి యుండెడిది. పిల్లలకు దెబ్బ తగిలి వాచినప్పుడు దానిని సానమీఁద నీటితో అరగఁదీసి పట్టు వేసెడివారు. అంతకు మించి దాని విలువ మా యూరివా రెఱుఁగరు.

ఈ వృక్షము ప్రపంచమున మఱియెచ్చటను సహజముగా పెరుగదు. తూర్పుకనుమల దక్షిణభాగమున శేషాచలము, పాలకొండలు, లంకమల, వెలిగొండల రాతినేలలే దానికి పుట్టినిల్లు. చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. నీట వేసిన మునుఁగు నంత బరువు. చీనాలో సంపన్నుల ఆసనములకును, జపానువారి షామిసెన్ అను తంత్రీవాద్యమునకును ఈ కఱ్ఱ మిక్కిలి ప్రియమైనది. అందుచేతనే 1995లో దీనిని సైటీస్ అను అంతర్జాతీయపు టొడంబడికలోని రెండవ అనుబంధమున చేర్చిరి.

దొంగబేరమునకు తొలిమెట్టు గొడ్డలి పట్టినవాఁడు. తమిళనాటి జవ్వాదు కొండలు మొదలైన తావులనుండి దళారులు కూలివాండ్రను కుదుర్చుకొని వత్తురు. వారు బియ్యపు మూటలతో అడవి చొచ్చి, దినములకొలఁది అందే యుండి, చెట్టు కొట్టి, తెల్లని పైచెక్కను చెక్కివేసి, చేవను మాత్రము భుజముపై మోసి బాటకడ దింపుదురు. అచ్చటినుండి మోటారుబండి, కాయగూరల బస్తాలక్రింద దుంగలు. పిదప గిడ్డంగి, ఆపైని రేవు. రేవున పెట్టెకు వ్రాసిన సరకు వేఱు, లోనున్నది వేఱు. మెట్టు మెట్టునకు ధర పెరుగును, పట్టువడు భయము తగ్గును.

2013 డిసెంబరులో శేషాచలమున ఇద్దఱు అటవీ ఉద్యోగులు దుండగులచేత చంపఁబడిరి. 2015 ఏప్రిలు 7వ తేదిని ఆ కొండలలోనే పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు బలియైరి. ఆత్మరక్షణకై కాల్చితి మని పోలీసు లనిరి. హక్కుల సంఘములవారు నమ్మలేదు. ఆ వివాదమును నేను తీర్చఁజాలను. లెక్కమాత్రము చూడుఁడు: ఇరుపక్షముల చచ్చినవారు జీతగాండ్రు, కూలివాండ్రు. సరకు కొన్నవాఁ డొక్కఁడైన నందు లేఁడు. వ్యాకరణము చెప్పి బ్రతికినవాఁడను గావున నా కిట్లు తోఁచును: మన అభియోగపత్రములలో చేసినవానికి శిక్ష పడుచున్నది, చేయించినవాఁడు, అనఁగా ప్రయోజకకర్త, అధ్యాహారముననే యుండిపోవుచున్నాఁడు.

విచారణ రేవునుండి వెనుకకు నడువవలెను. పెట్టె యెవరి పేర కట్టిరి? ఓడ బాడుగ యెవరు చెల్లించిరి? గిడ్డంగిని అద్దెకు తీసికొన్న దెవరు? కూలివాని నెంత బాధించినను ఇవి తెలియవు. వానికి దళారి మాఱుపేరు తప్ప వేఱేమియు తెలియదు.

2019లో రైతులు తమ భూములలో పెంచిన ఎఱ్ఱచందనమును ఎగుమతి చేయుటకు కేంద్రప్రభుత్వము వీలు కల్పించినది. మంచిదే. కాని కంటికి తోటదుంగయు అడవిదుంగయు ఒకటే యెఱుపు. భేదము చూపునది కాగితము. దొంగదుంగకు తోటచీటి దొరకెనేని ఇఁక పట్టుట యెట్లు? మీలో ఈ చెట్లు నాటినవా రుందురు. వచ్చిన బేరగాఁడు చెట్టువంకనైన చూడక మీ అనుమతిపత్రమునకే వెల కట్టినచో, వానికి మజ్జిగ యిచ్చి కూర్చుండఁబెట్టి, అటవీశాఖవారికి కబురు పంపుఁడు.