మెట్టసీమలో రెండు రాత్రులు

ఎడారిని చూడవలెనన్న రాజస్థానమునకే పోనక్కరలేదని ఒకనాడు నేను నా మిత్రునితో వాదించితిని. అతడు జైసల్మేరు ఇసుకతిన్నెలమీద గుడారము వేసికొని వారము దినములు గడపి వచ్చినవాడు. యంత్రముల మర్మము తెలిసినవాడు. పాత జీపు ఒకటి కలవాడు. "మీ వైపున ఎడారి యెక్కడిదోయ్?" అని నవ్వెను. ఇసుకదిబ్బలే కావలెనన్న మన రాష్ట్రమునను కలవు. అనంతపురము జిల్లాలో కణేకల్లు, బొమ్మనహాళుల చెంత వేదవతీనది యిసుక గాలికి లేచి పొలములమీదికి ప్రాకుచున్నది. కాని నేనతనికి చూపదలచినది ఇసుక కాదు, దప్పిక. అందులకు మా పుల్లలచెరువు చాలును.

మార్కాపురపు పలకమీద ఓనమాలు దిద్దినవారు శ్రోతలలో ఎందరో యుందురు. ఆ పలకల నిచ్చిన సీమయే యిది. 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. పడమట నల్లమల మబ్బువలె కనబడుచునే యుండును. ఆ మబ్బు మాత్రము కురియదు. ఊరి పేరులోనే చెరువున్నది. నీరు అరుదైన చోటనే మనుష్యులు నీటి పేరు పెట్టుకొందురు కాబోలు.

ఫాల్గుణమాసమున బయలుదేరితిమి. నల్లమలలోని పులుల అభయారణ్యమున అనుమతి లేనిదే రాత్రి బస చేయరాదు. కావున అడవి హద్దునకు వెలుపల, బండ్లబాటలు పట్టి, బీడు భూములలో తిరుగుదమని నిశ్చయించుకొంటిమి. రెండు పెద్ద డబ్బాల నీరు, బియ్యము, పప్పు, ఒక కంబళి, ఒక గుడారము మా సామగ్రి. మొదటి రాత్రి హాయిగా గడచినది. మోదుగలు పూచి యుండెను. అన్నము వండుకొని, చల్లని గాలిలో నక్షత్రములను చూచుచు ప్రొద్దుపోవువరకు మాటలాడుకొంటిమి. నీటిని ధారాళముగా వాడితిమి, కాళ్లుకూడ కడుగుకొంటిమి.

మరునాడు మధ్యాహ్నము ఎండిన వాగొకటి దాటుచుండగా మోడొకటి తగిలి జీపు రేడియేటరు గొట్టము చీలినది. నీరంతయు సలసల కాగి నేలపాలయ్యెను. మిత్రుడు పాత సైకిలు ట్యూబు ముక్కతో గొట్టమును బిగించి కట్టి, మా డబ్బాలలోని నీటిని యంత్రమునకు పోసెను. రెండు మైళ్లు పోకమున్నే కట్టు సడలినది. మరల నీరు పోసితిమి, మరల పోయినది. సాయంకాలమునకు మాకు మిగిలినది ఒక చిన్న సీసాలో సగము. చేతిలోని ఫోనునకు సిగ్నలు లేదు. ఊరు ఏ దిక్కుననున్నదో తెలిసినను, దప్పికతో చీకటిలో నడచుట మంచిది కాదని ఆ వాగు ఒడ్డుననే పడుకొంటిమి. సీసాను ఇద్దరి నడుమ నుంచి, ఉదయమున చెరిసగము త్రాగుదమనుకొంటిమి.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకొనవలెను. నడిరేయి నాకు మెలకువ వచ్చినది. నాలుక అంగిలి కంటుకొని యుండెను. నేను చేయి చాచి సీసానందుకొని రెండు గ్రుక్కలు త్రాగితిని. మిత్రుడు అటు తిరిగి నిద్రించుచుండెను. తెల్లవారగానే అతడు సీసాను పైకెత్తి చూచి, ఏమియు ననక, "నాకంత దప్పికగా లేదు, నీవు త్రాగు" అని నాకందించెను. నేను త్రాగలేకపోతిని, నిజము చెప్పను లేకపోతిని.

అంతలో గొఱ్ఱెల మందతో ఒక ముసలికాపరి వచ్చెను. మా గోడు విని, "కాళ్లకింద నీళ్లు పెట్టుకొని దప్పికతో కూచుంటిరే, నాయనా!" అనెను. అతడు మమ్ము వాగు వెంబడి కొంతదూరము తీసికొనిపోయెను. అచ్చట రాతిబండ యొకటి వాగునకు అడ్డముగా పడియున్నది. దానికి ఎగువను ఒడ్డున నేరేడుచెట్టు పచ్చగా నిలిచియున్నది. వాన కాలమున ఇంకిన నీరు ఇసుకలోపల మెల్లగా దిగువకు పోవుచు, రాయి అడ్డుపడినచోట నిలిచియుండునట. ముసలివాడు కఱ్ఱతోను, అరచేతులతోను మూరెడు లోతు త్రవ్వగా ఇసుక తడిసినది. మరికొంత త్రవ్వగా బురదనీరు పుట్టినది. నేను దోసిలి పట్టబోగా నా చేయి పట్టుకొని, "తోడిన నీళ్లు కాదు నాయనా, ఊరిన నీళ్లు తాగాల" అనెను. రెండుమారులు నీటిని తోడి పారబోసి, మమ్ము ఊరక కూర్చుండుమనెను. కొంతసేపటికి అడుగున ఇసుకరేణువులు లెక్కింపదగినంత తేటనీరు ఊరినది. మాకు కడుపార త్రాగనిచ్చి, ప్రక్కను వేరొక పల్లము తీసి అందు గొఱ్ఱెలకు నీరు పోసెను. మంద త్రొక్కిన చెలమ మరి ఊరదట.

ఆ నీడలో కూర్చుండి నేను రాత్రి చేసిన పని మిత్రునితో చెప్పితిని. "నాకు రాత్రియే తెలియును. నీవు త్రాగిన చప్పుడు వింటిని. నేనును సీసావైపు రెండుమారులు చేయి చాచి వెనుకకు తీసికొంటినోయ్" అనెను. తరువాత జైసల్మేరు చెంత ఖడిమట్టి పొరమీద నిలిచిన వాననీటిని సన్నని బావులలో బొట్టుబొట్టుగా పట్టుకొను విధము చెప్పెను. ఇచ్చట రాయి, అచ్చట ఖడి, విద్య ఒక్కటే.

ఈ సీమలో నేడు జనులు బోరుబావులను, నీటిబండ్లను నమ్ముకొని యున్నారు. లోతైన బోరునీటిలో ఫ్లోరైడు మెండై పండ్లు గారపట్టినవారిని, ఎముకలు వంగినవారిని పల్లెలలో చూచుచున్నాము. నల్లమల క్రింద జంట సొరంగములు తొలిచి కృష్ణాజలములను తెచ్చు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగినది. అప్పుడు పుట్టిన బిడ్డలు నేడు బిడ్డల తల్లులైరి. సీసా చెంత ఒక్క రాత్రి మేల్కొన్న నాకు ఆ నిరీక్షణ మెట్టిదో కొంచెము తెలిసినది.

డబ్బాలు చెలమనీటితో నింపుకొని, మైలు మైలునకు ఆగుచు, ప్రొద్దుగ్రుంకువేళకు పుల్లలచెరువు చేరితిమి. మెట్టదారిని పోదలచువారికి నేను చెప్పదగినవి మూడు మాటలు. యంత్రమునకు వేరు, మనుష్యులకు వేరుగా నీరు తీసికొనిపొండు. బాట తెలియనిచోట కాపరి నడుగుడు. మిగిలిన నీరెంతయో ఎప్పటికప్పుడు ఇద్దరును కలిసి చూచుకొనుడు. దాచి త్రాగిన గ్రుక్క దప్పిక తీర్చదు.