దాచిన తీగ



నా హామ్ రేడియో పిచ్చి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నిజం చెప్పాలంటే లైసెన్సు పరీక్ష ప్యాసవడం కన్నా అపార్ట్‌మెంటులో యాంటెన్నా పెట్టుకోవడమే నాకు కష్టమైంది. మేడ మీద గొట్టాలు, కడ్డీలు కుదరవన్నారు మా సంఘం వాళ్లు.

సరే, ఇంట్లోనే తీగ కడదామనుకున్నాను. ఎంత పొడవు? మన సైన్సు ల్యాబులో సోనామీటరు గుర్తుందా? శ్రుతిదండం మోగించి తీగ పొడవు మారుస్తూ పోతే, ఒకచోట అనునాదం కుదిరి కాగితపు ముక్క ఎగిరి పడేది. యాంటెన్నా కూడా అంతే. 143ని మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే అర్ధతరంగ డైపోల్ పొడవు సుమారుగా మీటర్లలో వస్తుంది. 7.1కి 20 మీటర్లు, 14.2కి 10 మీటర్లు, 145కి ఒక్క మీటరు.

10 మీటర్ల తీగను హాలు గోడల పైఅంచున తిప్పి కట్టాను. వినిపించింది రొదే! స్లాబులోని ఇనుప ఊచలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు, చార్జర్లు గోల పెడతాయి. పైగా ప్రసారం చేసేటప్పుడు తీగ మనుషులకు అంత దగ్గరగా ఉండకూడదు.

అందుకని మోటారు వైండింగుకు వాడే సన్నని రాగితీగ తెచ్చి, బాల్కనీ నుంచి వేపచెట్టు కొమ్మకు నైలాన్ తాడుతో కట్టాను. కరెంటు తీగలకు దూరంగానే సుమండీ. ఉరుములు మొదలైతే కేబుల్ పీకేస్తాను. కింద నిలబడి చూస్తే కనిపించదు. అదే సెట్టు, అదే పవరు, కానీ దూరదేశాలు పలికాయి. కనుక దాచక తప్పకపోతే బయట దాచండి. ఇంట్లోనే తప్పదంటే కిటికీ దగ్గర 145 మెగాహెర్ట్జ్‌ల చిన్న యాంటెన్నా పెట్టి, తక్కువ పవరు వాడండి.

ఒక తప్పు మాత్రం చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఒక సాయంత్రం పక్క ఫ్లాటు పెద్దాయన తలుపు తట్టి, "బాబూ, మా స్పీకర్లో బాతు అరుస్తోంది, నీ పనేనా?" అన్నారు. ఆ బాతు నా గొంతే! సిగ్గుపడి అంతా చెప్పేశాను. ఆయన స్పీకరు వైరును ఫెర్రైట్ రింగుకు చుట్టేసరికి బాతు నోరు మూసింది.

తర్వాత సంఘం సమావేశంలో నేనే లేచి 2004 డిసెంబరు 26 సునామీ సంగతి చెప్పాను. అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం హామ్ సెట్ల మీదనే క్షేమసమాచారాలు చేరవేసింది. అది విని, "మన తీగ ఉండనివ్వండి" అన్నది ఆ పెద్దాయనే. నా తీగ ఆ రోజు నుంచి మన తీగ అయింది.

తీగను కంటికి కనపడకుండా దాచుకోవచ్చు, పొరుగువాళ్ల దగ్గర దాచకూడదు. నేను నేర్చుకున్నది ఇదే.

హామ్‌లు శుభాకాంక్షలతో సెలవు తీసుకోవడానికి ఒక అంకె చెబుతారు. మీ అందరికీ 73.