టోపీ మార్చిన దొర

సినిమా అంటే కథ కోసం చూడటమే మనకు అలవాటు. ఈ పూట ఒక సినిమాలో చూపు ఎక్కడ నిలపాలో చెప్పుకుందాం. అది 1979లో వచ్చిన ‘మా భూమి’. కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారం. నిర్మాతల్లో ఒకరు బి.నర్సింగరావు, దర్శకుడు గౌతమ్ ఘోష్.

ఆ కథ పుట్టిన చోటికి పోవాలంటే, మౌలాలి స్టేషన్లో కాజీపేట వైపు బండెక్కితే భువనగిరి, ఆలేరు దాటాక జనగామ వస్తుంది. ఆ తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు, ఆ దొరకు ఎదురు తిరిగిన దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత సాగిన రైతుల సాయుధ పోరాటంలో 3,000 ఊళ్లలో 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టులు లెక్క చెప్పారు. 1948 సెప్టెంబరు 17న, పోలీసు చర్య పేరుతో వచ్చిన భారత సైన్యానికి నిజాం లొంగిపోయాడు. ఇక వెట్టి లేదు, గడీ లేదు, దున్నిన చెలక మనదే అనుకున్నారు జనం.

సినిమా ఇదంతా రామయ్య అనే పల్లె కుర్రాడి బతుకులో చూపిస్తుంది. ఊరిడిచి పట్నం వస్తాడు, రిక్షా తొక్కుతాడు, ఫ్యాక్టరీలో కూలి చేస్తాడు, చదువు నేర్చుకుంటాడు. జనగామ, నల్లగొండ పల్లెల నుంచి మౌలాలి, నాచారం ఫ్యాక్టరీలకు పనికొచ్చిన ఇళ్లలో ఈ కథ కొత్తగా అనిపించదు. రామయ్యగా సాయిచంద్ ముఖాన్ని మొదటిసారి తనివితీరా చూడండి. గద్దర్ పాట వినండి.

రెండోసారి మాత్రం దొరను చూడండి. జనం తిరగబడ్డప్పుడు పారిపోయినవాడు పోలీసు చర్య తర్వాత సైన్యం అండతో ఊళ్లోకి తిరిగొస్తాడు. మనిషి అతనే, నెత్తిన మాత్రం గాంధీ టోపీ. నా మటుకు సినిమా మొత్తం ఆ టోపీలోనే ఉంది. ఉపన్యాసం ఇస్తే గంట పట్టే మాటను ఆ వేషం ఒక్క చూపులో చెప్పేస్తుంది. దృశ్యకళ బలమంటే అదే. నిజాం కొమ్ముకాసిన రజాకార్ల పీడ వదిలించిన సైన్యమే పంచిన భూమిని వెనక్కి లాక్కునే దొరకు కాపలా కాసింది. నిజాం పోయినా 1951 అక్టోబరు దాకా తుపాకులు ఆగలేదంటే కారణం అక్కడుంది.

ఇంకొకటి గమనించండి. ఈ సినిమా వచ్చేనాటికి ఆ కథకు ముప్పై ఏళ్లు. అయినా అంతకు ముందు ఏడాదే, 1978లో, సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో కూలీలు దొరల మీద తిరగబడితే ప్రభుత్వం వాటిని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తాలూకాల నుంచి వచ్చి హాల్లో కూర్చున్నవాళ్లకు తెర మీద దొర తాతల నాటి మనిషి కాదు, తమ ఊళ్లో వదిలి వచ్చినవాడే.