మానిన గాయము, మారిన మనిషి



కార్యదర్శిగారు నన్ను ఏదైన సాహిత్య విషయమును గూర్చి మాటాడుమనిరి. నేను తలకు తగిలిన దెబ్బను గూర్చి మాటాడ దలచితిని. నేను వైద్యుడను కాను. సెక్షను అధికారిగా నేను చేసిన పొరపాటొకటి నాచేత ఈ విషయమును చదివించినది.

మా సెక్షనులో ఒక తెలుగు మిత్రుడు పనిచేయుచుండెను. అతడు వ్రాసిన నోటులో దిద్దవలసినది ఉండెడిది కాదు. ఒకనాటి సాయంకాలము స్కూటరుపై ఇంటికి పోవుచు జారిపడెను. మూడు వారములు ఆసుపత్రిలో నుండి, నాలుగవ నెలలో తిరిగి విధులలో చేరెను. కుట్ల గుర్తు జుట్టులో కలిసిపోయినది. ఆనాడు మేము మిఠాయి పంచుకొంటిమి.

నెల తిరుగక మునుపే చిక్కులు మొదలైనవి. ఒకే ఫైలు ముందు గంటల తరబడి కూర్చుండెడివాడు. ప్రక్కవారు కొంచెము బిగ్గరగా మాటాడినను కసరెడివాడు. ఒకనాడు బంట్రోతుపై ఫైలు విసరెను. నేను మూడు మెమోలిచ్చితిని. తనకేమైనదో తనకే తెలియుటలేదని మూడవ దానికి సమాధానము వ్రాసెను. దానిని కూడ ధిక్కారముగనే గ్రహించితిని. తరువాత అతని భార్య కార్యాలయమునకు వచ్చినది. “అన్నయ్యగారూ, ఆసుపత్రికి వెళ్ళిన మనిషి వేరు, ఇంటికి వచ్చిన మనిషి వేరు. రాత్రిళ్ళు నిద్రపోరు. పిల్లలు దగ్గరికి పోవడానికి జంకుతున్నారు. మీరిచ్చే కాగితాలు ఆయనకు కాదండీ, ఆ దెబ్బకు ఇస్తున్నారు” అనినది.

ఆమె మాట అక్షరాల నిజమని తరువాత తెలిసికొంటిని. మెదడు కపాలములో ద్రవము నడుమ నుండు మెత్తని పదార్థము. వేగముగా పోవు తల హఠాత్తుగా ఆగినపుడు మెదడు లోపలి ఎముకకు ఒరసికొనును. సన్నని నరపు పోగులు సాగి తెగును. ఇట్టి తెగుదల సిటీ స్కానులో కానరాకపోవచ్చును. అందుచే “స్కాను బాగున్నది” అను మాటతో మనము తృప్తి పడరాదు. నుదుటి వెనుకనున్న భాగము కోపమును అణచును, పనిని మొదలిడించును, ముందు వెనుకలు చూపును. దానికి దెబ్బ తగిలినచో శాంతుడు కోపిష్ఠి యగును, చురుకైనవాడు మందుడగును. అన్నిటికంటె కష్టమేమనగా, తాను మారితినని కొందరికి తెలియనే తెలియదు. తెలిసినవారిని దిగులు పట్టుకొనును. 2010లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశీలనలో, ఆసుపత్రిలో చేరిన 559 మందిలో సగముకంటె ఎక్కువమంది మొదటి యేడాదిలోనే తీవ్రమైన దిగులు జబ్బునకు లోనైరని తేలినది. ఆత్మహత్యా భయమును వీరిలో హెచ్చు.

వైద్య గ్రంథములన్నియు చెప్పు కథ యొకటి కలదు. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రములో రైలుమార్గపు పని చేయించుచున్న ఫినియస్ గేజ్ అను 25 ఏండ్ల మేస్త్రీ తలలోనుండి, మూడున్నర అడుగుల పైచిలుకు ఇనుప కడ్డీ దూసికొనిపోయెను. అతడు బ్రదికెను, కాని పూర్వపు నెమ్మది పోయి నోటిదురుసు వచ్చినదని వైద్యుడు హార్లో 1868లో వ్రాసెను. సాధారణముగా కథ నిక్కడ ఆపుదురు. ఇది నాకు అన్యాయముగా తోచును. గేజ్ పిమ్మట చిలీ దేశమునకు పోయి కొన్ని సంవత్సరములు గుఱ్ఱపు బండి తోలి బ్రదికెను. అట్టి పనికి ఓర్పును, క్రమమును వలయును గదా! దినదినము ఒకే తీరుగ సాగిన పనియే అతనిని కొంత నిలబెట్టెనని ఇటీవలి పరిశోధకుల తలంపు.

మా మిత్రుని విషయములోను అట్లే జరిగినది. మనోవైద్యుడు దిగులునకు మందిచ్చెను, మద్యము ముట్టరాదనెను, పనులన్నియు చిన్న పుస్తకములో వ్రాసికొని ఒకదాని తరువాత నొకటి చేయుమనెను. కోపము వచ్చునపుడు వాదించక, గది మారి కొంతసేపు ఊరకుండవలెనని ఇంటివారికి నేర్పెను. ఎవరిని చూడవలెనో తెలియనివారికి, 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 అను ఉచిత ఫోను కలదు.

ఇక మనవంటి అధికారులకొక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారము, ఉద్యోగములో నుండగా వైకల్యము పొందినవానిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. ఆ పనికి తగనిచో అదే జీతముతో వేరు పనికి మార్చవలెను. తగిన స్థానము లేనిచో అదనపు స్థానము కల్పించియైనను ఉంచవలెను. ఈ సెక్షను తెలియకయే నేను మూడు మెమోలు వ్రాసితిని. వాటిని ఉపసంహరించుకొనుటకు నాకొక సంవత్సరము పట్టినది.

ఇప్పుడతడు రికార్డు గదిలో పనిచేయుచున్నాడు. అచట సందడి తక్కువ. పూర్వపు నోట్లు అతడు వ్రాయలేడు. కాని అడిగిన ఫైలు దొరకలేదన్న మాట ఆ గదినుండి వచ్చుట లేదు. అతని అనుమతితోనే ఇదంతయు చెప్పితిని. సభకు మాత్రము రాలేదు. లౌడుస్పీకరు మోత అతనికి పడదు. సంచికలో అచ్చయిన పిమ్మట చదివికొందునని చెప్పెను.